నాలుగు మైళ్ళ మేస్త్రీ

అమ్మ ఉత్తరం ఈ రోజు మధ్యాహ్నం టపాలో వచ్చింది. పిల్లవాడికి దగ్గు తగ్గిందా, ఛాతీకి ఆముదం రాస్తున్నావా, ఊరగాయ జాడీకి గుడ్డ కట్టావా అని కార్డంతా నింపి, చోటు చాలక అంచున అడ్డంగా ఒక మాట రాసింది. మన రోడ్డు మేస్త్రీ పోయినాడు, అని. ఎప్పుడు, ఎట్లా అన్నది రాయడానికి కార్డు మిగల్లేదు.

ఇప్పుడు మా ఇల్లు కడపలో, బస్సులు తిరిగే వీధిలో ఉంది. మావాడు నడక నేర్చి నెల కాలేదు, అప్పుడే గడప దాటడం నేర్చాడు. పగలంతా తలుపుకు గడియ పెట్టే ఉంచుతాను. అయినా బొగ్గుతో నడిచే బస్సు దగ్గుకుంటూ వచ్చిన ప్రతిసారీ నా చెయ్యి దానంతట అదే వాడి చొక్కా కోసం వెతుకుతుంది. మోటారంటే ఇంత భయపడే నేను, మోటార్లను వరసగా నిలబెట్టి తీరిగ్గా ఆకు వక్క వేసుకున్న మనిషిని చిన్నప్పుడు కళ్ళారా చూశాను. పిల్లవాడు నిద్రపోయాడు. దీపంలో నూనె ఉన్నంతసేపు ఆయన గురించి రాస్తాను.

మా నాయన రోడ్ల ఓవర్సీరు. నాకు పదేళ్ళప్పుడు కర్నూలు నుంచి కడపకు వచ్చే రోడ్డు మీద ఒక మగ్గాల ఊళ్ళో ఉండేవాళ్ళం. నాయన చేతికింద పనిచేసే గ్యాంగు మేస్త్రీలలో ఈయన ఒకడు. సర్కారు ఆయనకు అప్పజెప్పినవి ఆరుగురు కూలీలు, రోడ్డు చదును చేసే ఒక రాతి గుండు, దాన్ని లాగే ఒక జత ఎద్దులు, రెండు గుడ్డ జెండాలు, నాలుగు మైళ్ళ రోడ్డు. పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో నాయన రాసేవాడు కూడా. కానీ ఊరంతా మేస్త్రీ అనేది. ఆయన పెండ్లాం కూడా మేస్త్రీ అనే పిలిచేది, కోపం వచ్చినప్పుడు తప్ప. కోపం వచ్చినప్పుడు ఏమని పిలిచేదో అమ్మ నన్ను విననిచ్చేది కాదు.

సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగిన మనిషి. ఎవరో ఇంజనీరు వదిలేసి పోయిన ఖాకీ కోటు వేసుకునేవాడు. దానికి గుండీలు లేవు, మూడు చోట్ల పురికొసతో కట్టుకునేవాడు. ఎర్రజెండా ఎప్పుడూ ఎడమ చంకలో ఉండేది. పచ్చజెండా ఏదని నాయన ఒకసారి తనిఖీలో అడిగితే, "అది ఇంట్లో ఉండాది సామీ. పొమ్మనేదానికి గుడ్డెందుకు, చెప్పకపోయినా పోతారు" అన్నాడు. అది ఆయన మనవరాలి ఉయ్యాలలో పక్కగుడ్డ అయిందని నాయనకూ తెలుసు.

మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మొహం చూడడు, రోడ్డును చూస్తాడు. చూస్తూ చూస్తూ కిర్రుచెప్పు విడిచి, కుడికాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఒక గులకరాయి పట్టి, మాట తెగకుండానే దాన్ని రోడ్డు పక్కకు విసిరేస్తాడు. కలెక్టరు ఎదురుగా నిలబడినా ఆ కాలు ఊరుకుంటుందని నేననుకోను. రోడ్డు ఎట్లా ఉందప్పా అని నాయన అడిగితే, ఇంట్లో ఆడపిల్లల సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. పెద్దది కుదురుగా ఉంది, నడిపిది మళ్ళీ నోరు తెరిచింది, చిన్నదానికి నిన్న మట్టి పోస్తే ఏడుపు ఆపింది. అవన్నీ రోడ్డులోని గుంతలు. ఏ గుంత ఏ మైలులో ఉందో కనుక్కుని నోటుబుక్కులో రాసుకోవడానికి నాయన నానా తిప్పలు పడేవాడు.

బండ్లవాళ్ళతో ఆయనకు రోజూ పేచీయే. బండ్లన్నీ ఒకే గాడిలో పోతే రోడ్డు తెగిపోతుంది. అందుకని ఆ రోజుల్లో గ్యాంగు వాళ్ళు గాడిలో అక్కడక్కడా రాళ్ళు పెట్టేవాళ్ళు, బండి తప్పుకుని కొత్తచోట నడవాలని. మిగతా మేస్త్రీలు రాళ్ళు పెట్టి ఇంటికి పోయేవాళ్ళు. ఈయన రాళ్ళు పెట్టి తుమ్మచెట్టు నీడన కూర్చుని చూసేవాడు. మధ్యాహ్నపు ఎండలో బండివాడు కునికిపాట్లు పడుతూ వస్తే వాణ్ణి లేపడు. లేచి ఎద్దుల ముందు నిలబడి, చెవి దగ్గరికి వంగి, "ఏమప్పా, మీ యజమాని పండుకున్యాడు. మీకన్నా తెలివి ఉండాల గదా. కొంచెం ఎడమకు జరగండి" అని నెమ్మదిగా చెప్పేవాడు. బండివాడు ఉలిక్కిపడి, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగితే, "నీతో కాదులేప్పా, పండుకో" అనేవాడు.

ఏది అడిగినా ఆయన ముందు ఇచ్చే జవాబు ఒకటే: "రోడ్డును అడిగి చెప్తా." రేపు గుండు తోలతావా అంటే అదే. అన్నం తింటావా మేస్త్రీ అని అమ్మ అడిగినా అదే. అని, ఒక నిమిషం రోడ్డు వైపు చూసి, "తినమన్యాదమ్మా" అంటూ అరుగు మీద కూర్చునేవాడు. రోడ్డు వద్దన్నట్టు మాత్రం నేనెప్పుడూ వినలేదు.

పని జరుగుతున్న చోట ఎర్రజెండా ఎత్తితే ఎవరైనా ఆగాలని రూలు. ఆ రూలును ఆయన నమ్మినంతగా దాన్ని రాసినవాళ్ళు కూడా నమ్మి ఉండరు. ఒకసారి తహశీల్దారు జట్కా వచ్చింది. జవాను దిగి కేకలు వేశాడు. గుండు రెండుసార్లు పోయి వచ్చేదాకా మేస్త్రీ జెండా దించలేదు. తర్వాత పక్కకు జరిగి, నడుము వంచి, తహశీల్దారుకు నిండుగా దండం పెట్టాడు. దండం పెట్టడంలో ఆయన ఎవరికీ లోటు చేయలేదు. ఆపడంలోనూ చేయలేదు.

ఆ ఏడు మద్రాసులో మోటార్లున్న కొందరు, తెల్లదొరలు సగం, మనవాళ్ళు సగం, కర్నూలులో బయలుదేరి కడప చేరే పందెం పెట్టుకున్నారు. ఒక్కసారిగా కాదు, ఒకదాని వెనక ఒకటి కొంత ఎడంతో వదులుతారు. ఎవరు తక్కువ సేపట్లో చేరితే వాళ్ళకు ఒక వెండి గిన్నె. పందేనికి వేరే రోడ్డు ఎక్కడిది, అందరూ నడిచే రోడ్డే. శనివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా దాని మీద బండి, గొడ్డు, మనిషి కనబడరాదని తాకీదు వచ్చింది.

ఆ తాకీదును నాయన రెండుసార్లు చదువుకుని వీధి వైపు చూశాడు. ఎందుకంటే మా ఊళ్ళో రోడ్డే నడివీధి, నడివీధే నేతవాళ్ళ పనిచోటు. తెల్లవారగానే అక్కడ పడుగులు, అంటే బట్టకు నిలువు పోగులు, పరిచేవాళ్ళు. గంజిలో నానిన నూలును నలభై గజాల పొడుగున వెదురు కర్రల మీద చాచి, అటొకరు ఇటొకరు నడుస్తూ కుంచెతో దువ్వుతారు. ఎండకు ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. మధ్యలో ఎత్తి పక్కన పెడితే పోగుకు పోగు అంటుకుంటుంది. తడి మీద దుమ్ము పడితే ఇక ఆ పడుగు మగ్గానికి పనికిరాదు. అంత పొడుగు చోటు ఏ ఇంట్లోనూ ఉండదు. వీధిలో పడుగు పక్కన ఒక బండి పోయేంత సందు మిగిలేది. బండ్లవాళ్ళు అక్కడికి రాగానే వాళ్ళంతట వాళ్ళే దిగి, ఎద్దులను పట్టుకుని మెల్లగా నడిపించుకుపోయేవాళ్ళు. అది ఎవరూ రాయని రూలు.

మేస్త్రీ తానే తప్పెట మెడలో వేసుకుని దండోరా వేశాడు. సర్కారు మాట నాయన రాసిచ్చాడు గానీ ఆయన తన మాటే చెప్పాడు. "శనివారం పొద్దున దొరలు తరుముకుంటా వస్తాండారు. ఎవురు ఎవుర్ని తరుముతాండారో నాకు తెలీదు. మీరు మాత్రం అడ్డం పడొద్దండి. కోళ్ళకు కూడా చెప్పుకోండి."

శనివారం వీధంతా ఖాళీ చేసుకుని ఊరు అరుగుల మీద కూర్చుంది. మోటార్లు రాలేదు. ముందురోజు నల్లమలలో వాన పడిందట, దారిలో వాగు పొర్లి పందెం కర్నూలులోనే ఆగిపోయిందట. మా ఊళ్ళో మబ్బు కూడా లేదు. ఎప్పటిలాగే నేల దుమ్ము, ఆకాశం ఎండ.

ఆ మధ్యాహ్నం మా ఎదురింటి సుబ్బక్క మేస్త్రీ కోసం మా అరుగు దగ్గరికి వచ్చింది. ఆమె మొగుడికి చూపు సన్నగిల్లింది. మగ్గం ఆమే నడిపేది, మరిది సాయం. కరువు ఏడాది కావడంతో సావుకారు ఎంచి ఎంచి కొందరికే నూలు ఇస్తున్నాడు. ఈ నూలు చెడితే మళ్ళీ తన గడప తొక్కొద్దని ఆమెకు ముందే చెప్పాడు. పందెం కోసమని ఆమె అప్పటికే రెండు రోజులు పని ఆపుకుని ఉంది. ఇంక మోటార్లు వస్తాయా, నూలు గంజిలో వేయనా అని అడిగింది. మోటార్లు రానందుకు మేస్త్రీ ఆ రోజు మహా సంతోషంగా ఉన్నాడు. ఆ సంతోషంలో రోడ్డును అడగడం మరిచిపోయాడు.

"రావు సుబ్బక్కా. నానెయ్యి. పొద్దున్నే పరుచుకో, నేనుండా" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు తంతి వచ్చింది. వాగు తగ్గింది, పందెం రేపు పొద్దున. అప్పటికే సుబ్బక్క నూలు గంజి మింగి ఉంది. పందెం అయ్యాక పరిస్తే ఆరడానికి ఎండ చాలదు, ఆ వేడికి ఇంకొక రోజు ఉంచితే పులిసి కుళ్ళుతుంది. నాయన మేస్త్రీని పిలిపించి, సుబ్బక్కకు చెప్పు, పరచవద్దను అన్నాడు. మేస్త్రీ తలెత్తి నాయన వైపు తిరిగాడు. ఆయన రోడ్డును కాకుండా మనిషి మొహాన్ని చూసి మాట్లాడటం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

"నానెయ్యమనింది నేను సామీ" అన్నాడు.

నాయన తన ఉద్యోగం సంగతి ఎత్తాడు. మేస్త్రీ ఆలోచించి, అయితే మీరు పొద్దున పక్కూరికి తనిఖీకి పోండి, ఏమైనా మీరు లేనప్పుడు అవుతాది అన్నాడు. నాయన పోలేదు. ధైర్యం వల్ల కాదు, భయం వల్ల. తను లేకపోతే ఇంకేం జరుగుతుందోనని.

ఆదివారం పొద్దున నాయన వెంట అమ్మ చూడకుండా నేనూ వెళ్ళాను. ఇప్పుడు నా బిడ్డ అట్లా మోటార్లు వచ్చే దారికి పోతే నేను బతుకుతానా అనిపిస్తుంది. అప్పుడు మాత్రం కాళ్ళు ఆగలేదు. వీధిలో సుబ్బక్క పడుగు తెల్లగా చాచి ఉంది. ఆమె, మరిది అటూ ఇటూ నడుస్తూ దువ్వుతున్నారు. ఊరి మొదట్లో మేస్త్రీ రాతి గుండును రోడ్డుకు అడ్డంగా పెట్టించాడు. పక్కన ఎద్దులు. తను మధ్యలో, ఎర్రజెండా ఎత్తి.

దూరాన దుమ్ము గోడలా లేచింది. దాని ముందు ఒక పైకప్పు లేని మోటారు. అది పందెంలోది కాదు, దారి చూసుకుంటూ ముందొచ్చినది. అందులో పందెం నడిపే పెద్దదొర, మెడలో గడియారం వేలాడుతోంది. జెండా చూసి ఆగాడు. దిగి నాయనను ఇంగ్లీషులో ఏమిటిదని అడిగాడు. నాయన రోడ్డు మరమ్మతు అని చెప్పాడు, కానీ ఆయన గొంతే ఆయన్ను నమ్మలేదు. దొర గుండు దాటుకుని నడిచిపోయి పడుగును చూశాడు. దాన్ని ఎత్తెయ్యమన్నాడు. ఆ మాటను నాయన తెలుగులో చాలా చిన్నగా చెప్పాడు.

మేస్త్రీ పడుగు దగ్గరికి పోయాడు. సుబ్బక్క గంజి కుండలో రెండు వేళ్ళు ముంచి వచ్చి, "చెయ్యి ఇట్లియ్యండి దొరా" అన్నాడు. దొర ఏం తోచక చెయ్యి చాచాడు. మేస్త్రీ ఆ వేళ్ళ మధ్య గంజి పూసి, కింద నుంచి చిటికెడు దుమ్ము తీసి చల్లి, వేళ్ళన్నీ దగ్గరికి చేర్చి తన గుప్పిట్లో పట్టుకున్నాడు. అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. వెనక కుంచెల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరో పాతకాలపు చుట్టాలు ఎదురుపడి చేతులు వదలలేకపోతున్నట్టుంది. కాసేపటికి వదిలాడు.

"ఇప్పుడు విడదీసుకోమనండి సామీ."

దొర వేళ్ళు మెల్లగా, ఒకదాన్నొకటి లాగుతూ ఊడివచ్చాయి. మధ్యలో బురద పెళ్ళలు.

"అట్లాంటి వేళ్ళు ఆ పడుగులో రెండు వేలు ఉండాయని చెప్పండి."

నాయన ఈసారి బాగా చెప్పాడు. దొర తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఈలోగా పందెం మోటారు ఒకటి వచ్చి ఆగింది, దాని వెనక ఇంకొకటి. హారన్లు మొదలయ్యాయి. ఎంతసేపు ఆగాలి అని దొర అడిగాడు. మేస్త్రీ రోడ్డును అడిగి చెప్తానన్నాడు. నాయన దాన్ని తర్జుమా చేయలేదు.

రోడ్డును అడగడం అయ్యాక మేస్త్రీ అన్నాడు, "ఆగమని ఎవురన్యారు సామీ. పొమ్మనండి. మిషను ఆపి పొమ్మనండి. దుమ్ము లేయకూడదు, అంతే." మిషను ఆపితే మోటారు ఎట్లా పోతుందని దొర అడిగాడు. మేస్త్రీ ఎద్దుల వైపు గడ్డం చూపించాడు.

దొర మొహం ఎర్రబడింది. నాయన తన గొడుగును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. దీనివల్ల కొందరికి ఆలస్యమై పందెం పాడవుతుందని దొర వాదించాడు. మేస్త్రీ ఓపిగ్గా, ఎద్దుకు చెప్పినట్టే చెప్పాడు. "అందరికీ ఇవే ఎద్దులు. అందరికీ ఇదే వీధి. ఇంగ ఎవురికి లాభం, ఎవురికి నష్టం?" దొర దీన్ని విని గడియారం చూశాడు, పడుగు చూశాడు, చెయ్యి చూశాడు. తర్వాత ఒక్కసారి నవ్వి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ప్రతి మోటారుకూ సమయం లెక్క గుండు దగ్గర ఆపి, ఊరి చివర మళ్ళీ మొదలుపెట్టేట్టు ఒప్పందం. అక్కడొక మనిషిని, ఇక్కడొక మనిషిని నిలబెట్టాడు. మేస్త్రీ కూలీలతో గుండును పక్కకు తోయించి, ఆకు వక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

అట్లా ఆ పందెం మా వీధిలోకి వచ్చింది. ఎద్దులు ముందు, తాడు మధ్య, మోటారు వెనక. మేస్త్రీ ఎద్దుల చెవుల దగ్గర నడుస్తూ, నిదానం, దుమ్ము లేస్తే మన మర్యాద పోతాది అని చెబుతున్నాడు. కళ్ళకు పెద్ద అద్దాలు పెట్టుకున్న ఒక దొర చక్రం పట్టుకుని ఎటూ చూడకుండా కూర్చున్నాడు. ఒక జమీందారు పట్టు రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అరుగుల మీది ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మా వీధి చివరి అవ్వకు పందెం సంగతి చెప్పినా తలకెక్కలేదు. ప్రతి మోటారు దగ్గరికీ కర్ర తాటించుకుంటూ వచ్చి, "ఏమప్పా, బండి చెడిపోయినాదా? కమ్మరాయన ఆ సందులో ఉండాడు, శానా మంచోడు" అని దారి చూపించింది.

అయిదో మోటారు యజమాని మాత్రం గొడవ పెట్టుకున్నాడు. ముందువాళ్ళకు తాజా ఎద్దులు, తనకు అలిసిన ఎద్దులా అని. లెక్క ఆగి ఉందని నాయన చెప్పినా వినలేదు. మేస్త్రీ ఎద్దులకు నీళ్ళు పట్టించి, ఆయనను గుండు దగ్గరికి తీసుకుపోయి దాని మీద చెయ్యి వేసి చూడమన్నాడు. రోజూ లాగేది ఇది, నీ బండి వాటికి పండగ అన్నాడు. ఆ మనిషి గుండును చూసి, తన మోటారును చూసి, ఎక్కి కూర్చున్నాడు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కొన్నాళ్ళకు పైనుంచి కాగితం వచ్చింది, ఏ రూలు ప్రకారం మోటార్లకు ఎద్దులు కట్టారో చెప్పమని. నాయన మూడు రోజులు అన్నం సరిగ్గా తినకుండా జవాబు రాశాడు. ఆ జవాబు చేరేసరికి, దారి మొత్తం మీద కోడి కూడా చావని చోటు ఆ నాలుగు మైళ్ళేనని, ఏర్పాటు చేసిన మనిషిని మెచ్చుకోవాలని పెద్దదొర రాసిన కాగితం కూడా అదే బల్ల మీదికి వచ్చిందట. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. శిక్షా లేదు, మెప్పూ లేదు. నాయన ఈ కబురు చెబితే మేస్త్రీ విని, కాలితో ఒక రాయిని పక్కకు విసిరాడు. పందెం మళ్ళీ మా దారిన రాలేదు. ఆ రోజు ఎవరు గెలిచారో మా ఊళ్ళో ఎవరూ అడగనూ లేదు.

ఆ రోజు చివరి మోటారును ఊరు దాటించి, మేస్త్రీ ఎద్దులను కూలీలకు అప్పజెప్పి వెనక్కి వచ్చాడు. వస్తున్నప్పుడు చూడాలి ఆయన్ను. వంగిన నడుము ఎక్కడికి పోయిందో, తల నిటారుగా ఉంది. అరుగుల మీద అందరూ ఆయన్నే చూస్తున్నారు. కిర్రుచెప్పులు టపటపా కొట్టుకుంటూ నడివీధిలో వచ్చాడు. సుబ్బక్క ఇంకా దువ్వుతూనే ఉంది. పొద్దుటి నుంచి ఆమె ఒక్క మోటారును కూడా తలెత్తి చూడలేదు. ఇప్పుడూ ఎత్తలేదు.

"మేస్త్రీ, కాళ్ళు ఎత్తి నడువు. దుమ్ము లేస్తాండాది" అనింది.

మేస్త్రీ ఉన్నచోటే ఆగిపోయాడు. కిందికి చూసుకున్నాడు. చెప్పులు విప్పి, రెండూ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కోటు అంచు ఎత్తి పట్టి, మునివేళ్ళ మీద గోడవారగా బయలుదేరాడు. మొదటి కర్ర, రెండో కర్ర, మూడో కర్ర. నలభై గజాలూ కొంగలా నడిచాడు. వీధిలో ఎవరూ నవ్వలేదు, ఊపిరి బిగపట్టి చూశారు. చివరి కర్ర దగ్గరికి ఆయన చేరే వేళకు సుబ్బక్క కుంచె పక్కన పెట్టి, ఒక పోగును వేళ్ళ మధ్య నులిమి చూసింది.

"ఆరిపొయ్యింది" అనింది. "ఎప్పుడో ఆరినట్టుండాది. ఇంగ తొడుక్కో."